ఖలీ గెలిచిన టైటిల్, రాలిన్స్ గెలిచిన టైటిల్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: గచ్చిబౌలి_గ్యాలరీ

అందరికీ నమస్కారం. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ పోటీలు జరిగినప్పుడు, జాన్ సీనాతో జట్టు కట్టి రింగులోకి దిగిన సెత్ రాలిన్స్ అప్పటికి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్. 2007లో మన గ్రేట్ ఖలీ గెలిచిన టైటిల్ పేరు కూడా వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్పే. పేరు ఒకటే కాబట్టి టైటిల్ కూడా ఒకటేనని మా తమ్ముడు గట్టిగా వాదిస్తున్నాడు. అంతటితో ఆగకుండా, ఖలీ భుజాన ఉన్న ఆ పెద్ద బంగారు బెల్టే 1986లో అమెరికా రెజ్లర్ రిక్ ఫ్లెయిర్ నడుముకూ కనిపిస్తుంది కనుక ఖలీ నేరుగా ఫ్లెయిర్ వారసుడేనని కూడా అంటున్నాడు. నేను చూసిన జాబితాలలో మాత్రం ఈ మూడూ విడివిడిగానే ఉన్నాయి. ఇందులో ఏది సరైనదో, ఆ వరుస ఎక్కడ తెగిందో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

ఇంకొక చిన్న సందేహం కూడా ఉంది. 1968లో దారా సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని మా నాన్నగారు తరచూ చెబుతుంటారు. అది ఈ వరుసలలో దేనికి చెందుతుంది?

జవాబు: పాత_రింగు

మీ జాబితాలే సరైనవి. అయితే మీ తమ్ముడిగారి పొరపాటు చాలా సహజమైనది, ఎందుకంటే ఈ చరిత్రలో బెల్టు ఒక దారిన, టైటిల్ మరొక దారిన ప్రయాణించాయి. బెల్టు తోలూ లోహమూ కలిపి చేసిన వస్తువు. టైటిల్ అంటే ఎవరి తరువాత ఎవరు అన్న వరుస. ఆ వరుసను నిర్ణయించేది ప్రమోటర్లే తప్ప బెల్టు కాదు.

1948లో అమెరికాలోని అయోవా రాష్ట్రం వాటర్లూలో కొందరు ప్రమోటర్లు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్, అంటే ఎన్‌డబ్ల్యూఏ, ఏర్పాటు చేసుకున్నారు. ఎవరి ప్రాంతంలో వారే కార్యక్రమాలు నడుపుకోవాలి, ప్రపంచ ఛాంపియన్ మాత్రం అందరికీ ఒక్కడే ఉండాలి అన్నది వారి ఒప్పందం. ఆ ఛాంపియన్ ఊరూరా తిరిగి, ప్రతిచోటా స్థానిక హీరోతో తలపడి, ఓడిపోయినంత పని చేసి, చివరి క్షణంలో ఎలాగో టైటిల్ నిలబెట్టుకుని పక్క ఊరికి వెళ్లిపోవాలి. స్థానిక హీరో పరువు నిలవాలి, మళ్లీ వచ్చినప్పుడు టికెట్లు అమ్ముడుపోవాలి, అదే అసలు విద్య. ఎవరిని ఛాంపియన్ చేయాలో సభ్యులు ముందే నిర్ణయించేవారు. పొమ్మన్నప్పుడు ఓడిపోకుండా ఛాంపియన్ బెల్టుతో సహా ఉడాయిస్తే ఎలా అన్న భయం వారికి ఎప్పుడూ ఉండేది. అందుకే ఛాంపియన్ చేత డిపాజిట్ కట్టించుకునేవారు. రిక్ ఫ్లెయిర్ కట్టింది 25,000 డాలర్లు.

మీరు చెబుతున్న పెద్ద బంగారు బెల్టును ఎన్‌డబ్ల్యూఏ సభ్యుడైన ప్రమోటర్ జిమ్ క్రాకెట్ సంస్థ నెవాడాలోని రీనోకు చెందిన వెండిపని కళాకారుడు చార్ల్స్ క్రమ్‌రైన్ చేత చేయించింది. ఫ్లెయిర్ దానిని 1986 ఫిబ్రవరిలో తొలిసారి ధరించాడు. అప్పుడు అది ఎన్‌డబ్ల్యూఏ టైటిల్‌కు గుర్తు. తరువాత క్రాకెట్ సంస్థ టెడ్ టర్నర్ చేతికి వెళ్లి డబ్ల్యూసీడబ్ల్యూగా మారింది. 1991 నాటికి ఫ్లెయిర్‌ను ఆ సంస్థ సొంత టైటిల్‌కు కూడా ఛాంపియన్‌గా గుర్తించడం మొదలుపెట్టారు. అంటే నడుముకు ఉన్న బెల్టు ఒక్కటే, దాని వెనుక వరుసలు రెండు.

ఆ ఏడాదే సంస్థ పెద్ద జిమ్ హర్డ్‌తో ఒప్పందం విషయంలో చెడి, గ్రేట్ అమెరికన్ బాష్ పోటీలకు కొద్దిరోజుల ముందు ఫ్లెయిర్ ఉద్యోగం పోయింది. డిపాజిట్ డబ్బు తిరిగి రాలేదు కాబట్టి అతడు బెల్టును తన దగ్గరే ఉంచుకున్నాడు. 1991 జులై 14న బాల్టిమోర్‌లో లెక్స్ లూగర్, బ్యారీ విండమ్ ఖాళీ అయిన టైటిల్ కోసం తలపడ్డారు. రింగులో ఉన్నది వారిద్దరు, జనం అరిచింది ఫ్లెయిర్ పేరు. గెలిచిన లూగర్‌కు ఇవ్వడానికి అసలు బెల్టు లేక, పాత బెల్టు ఒకదానికి కొత్త పలక తగిలించి ఇచ్చారు.

ఇంతలో అసలు బెల్టు ప్రత్యర్థి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) టీవీలో ప్రత్యక్షమైంది. ముందుగా మేనేజర్ బాబీ హీనన్ దానిని పట్టుకుని సమ్మర్‌స్లామ్ పోటీల రోజున హల్క్ హోగన్ గది తలుపు తట్టాడు, హోగన్ ముఖం మీదే తలుపు వేశాడు. ఆ తరువాత ఫ్లెయిర్ స్వయంగా వచ్చి, నిజమైన ప్రపంచ ఛాంపియన్‌ను నేనేనని ప్రకటించుకున్నాడు. వ్యవహారం కోర్టుకెక్కి బెల్టు వెనక్కి పోయిన తరువాత కూడా కథ ఆపలేదు. ఫ్లెయిర్ చేతికి మామూలు ట్యాగ్ టీమ్ (జంట పోటీల) బెల్టు ఇచ్చి, తెరమీద అది కనపడకుండా గళ్లు గళ్లుగా మసకబార్చారు. ప్రేక్షకులకు కనిపించింది ఫ్లెయిర్ నడుము దగ్గర కదిలే ఒక మసక మచ్చ మాత్రమే, అయినా దాని వెనుక ఉన్నది ఆ బంగారు బెల్టేనని అందరూ నమ్మారు. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన మోసాన్ని నేను చూడలేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ

ధన్యవాదాలండీ. మరి బెల్టు డబ్ల్యూసీడబ్ల్యూకు తిరిగి వచ్చింది కదా, అక్కడి నుంచి ఖలీ వరకు వరుస తెగకుండా రాలేదా?

జవాబు: నైట్రో_రోజులు

రాలేదు. ఒకసారి కాదు, రెండు మూడు చోట్ల తెగింది.

తిరిగి వచ్చిన బెల్టును 1992 ఆగస్టులో జపాన్‌లో టోర్నమెంట్ గెలిచిన మసహిరో చోనోకు, పునరుద్ధరించిన ఎన్‌డబ్ల్యూఏ టైటిల్‌కు గుర్తుగా ఇచ్చారు. 1993 సెప్టెంబరులో డబ్ల్యూసీడబ్ల్యూ ఎన్‌డబ్ల్యూఏ నుంచి బయటికి వచ్చేసింది. బెల్టు ఉంది, దానికి పేరు లేదు. ఆ నెలలో ఫ్లెయిర్‌ను ఓడించిన రిక్ రూడ్ దేనికి ఛాంపియన్ అయ్యాడో చెప్పలేక, వ్యాఖ్యాతలు కొంతకాలం దానిని పెద్ద బంగారు బెల్టు అనే పిలవవలసి వచ్చింది. తరువాత డబ్ల్యూసీడబ్ల్యూ ఇంటర్నేషనల్ అనే ఒక ఊహా సంస్థను కల్పించి దాని పేరు తగిలించారు. 1994 జూన్ 23న స్టింగ్‌పై గెలిచి ఫ్లెయిర్ ఆ టైటిల్‌ను సంస్థ ప్రధాన టైటిల్‌లో కలిపేశాడు. అక్కడి నుంచి బంగారు బెల్టు డబ్ల్యూసీడబ్ల్యూ టైటిల్‌కు గుర్తయింది. ఎన్‌డబ్ల్యూఏ వరుస మాత్రం చిన్న సంస్థలలో వేరుగా సాగింది. ఆ ఏడాది ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఆ టైటిల్ గెలిచిన షేన్ డగ్లస్ బెల్టును అక్కడికక్కడే కింద పడేసి అవమానించాడు కూడా.

హోగన్, గోల్డ్‌బర్గ్‌ల కాలం మీ అందరికీ తెలిసిందే, దానిని వదిలేస్తాను. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూను డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అధినేత విన్స్ మెక్‌మాన్ కొనేశాడు. ఆ ఏడాది డిసెంబరు 9న శాన్ డియేగోలో క్రిస్ జెరికో ఒకే రాత్రి ది రాక్‌ను, స్టీవ్ ఆస్టిన్‌ను ఓడించి రెండు సంస్థల టైటిళ్లనూ ఒకటి చేశాడు. అధికారిక లెక్కలో డబ్ల్యూసీడబ్ల్యూ టైటిల్ చరిత్ర ఆ రాత్రితో ముగిసింది. ముందుకు సాగింది 1963లో బడ్డీ రోజర్స్‌తో మొదలైన డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ మాత్రమే. 2017లో భారత సంతతి రెజ్లర్ జిందర్ మహల్ గెలిచింది ఈ 1963 నాటి టైటిల్‌ను, ఖలీ గెలిచినదాన్ని కాదు. వీరిద్దరి టైటిళ్లను కలిపేసే వ్యాసాలు తెలుగులో చాలా కనిపిస్తాయి.

2002లో సంస్థ టీవీ కార్యక్రమాలైన రా, స్మాక్‌డౌన్ రెండు వేరు బృందాలుగా నడుస్తున్నప్పుడు, ఛాంపియన్ బ్రాక్ లెస్నర్ స్మాక్‌డౌన్‌కే పరిమితమయ్యాడు. రాకు ఛాంపియన్ లేకుండా పోయాడు. సెప్టెంబరు 2న రా జనరల్ మేనేజర్ ఎరిక్ బిషాఫ్ బ్రీఫ్‌కేసు తెరిచి, అందులోని బంగారు బెల్టును పోటీ ఏదీ లేకుండానే రెజ్లర్ ట్రిపుల్ హెచ్ చేతిలో పెట్టాడు. వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ అనే కొత్త టైటిల్ అలా పుట్టింది. రూపం పాతదే, వరుస కొత్తది. ఆ తరువాత పలక మీద డబ్ల్యూడబ్ల్యూఈ లోగో కూడా చేరింది. 2005లో బటిస్టాతో పాటు ఆ టైటిల్ స్మాక్‌డౌన్‌కు వెళ్లింది.

ఖలీ గెలిచిన సందర్భం కూడా గుర్తుచేసుకోదగినది. ఛాంపియన్ ఎడ్జ్ గాయపడి టైటిల్ వదులుకోవడంతో, 2007 జులైలో టెక్సాస్‌లోని లరేడోలో ఇరవై మందితో బ్యాటిల్ రాయల్, అంటే తాడు మీదుగా బయట పడినవారు ఓడిపోయే పోటీ, పెట్టారు. చివరికి మిగిలింది ముగ్గురు: ఖలీ, కేన్, బటిస్టా. తాడు దగ్గర పెనుగులాడుతున్న కేన్‌ను, బటిస్టాను ఖలీ ఒకేసారి బయటికి పడదోశాడు. ఒకరి భుజాలు నేలకు అదిమిపట్టి (పిన్ చేసి) కాదు, ఇద్దరిని తాడు దాటించి గెలిచిన టైటిల్ అది. రెండు నెలల తరువాత, సెప్టెంబరు 16న మెంఫిస్‌లో రే మిస్టీరియో కూడా ఉన్న ముక్కోణపు పోరులో బటిస్టా దానిని దక్కించుకున్నాడు. ఖలీ కుస్తీ చాతుర్యం గురించి ఎవరు ఏమన్నా, ఆ రెండు నెలలు మన దేశంలో రెజ్లింగ్ చూసినవారి సంగతి వేరు. పిల్లలు ఆడే రెజ్లింగ్ ట్రంప్ కార్డులలో ఖలీ కార్డు పడితే ఎత్తు అడగడం తప్ప ఇంకేమీ ఆలోచించనక్కరలేదు.

2013 డిసెంబరు 15న హ్యూస్టన్‌లో రాండీ ఆర్టన్ జాన్ సీనాను ఓడించి ఈ టైటిల్‌ను డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్‌లో కలిపేశాడు. కొన్ని నెలలు ఛాంపియన్లు రెండు బెల్టులూ మోశారు. 2014 ఆగస్టులో లెస్నర్‌కు కొత్త బెల్టు ఒక్కటే ఇవ్వడంతో బంగారు బెల్టు విశ్రమించింది.

జవాబు: లెక్కల_మాస్టారు

పై ఇద్దరూ చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. కానీ సంస్థ చెప్పిన వరుసే చివరి మాట అన్నట్టుగా రాయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే సంస్థ తన అవసరాన్నిబట్టి వరుసలను విడదీస్తుంది, మళ్లీ తన అవసరాన్నిబట్టే కలుపుతుంది.

1991 మార్చి 21న టోక్యో డోమ్‌లో తత్సుమి ఫుజినామి ఫ్లెయిర్‌ను ఓడించాడు. జపాన్ ప్రేక్షకులకు అది ఎన్‌డబ్ల్యూఏ టైటిల్ చేతులు మారడం. అమెరికాలో మాత్రం ఫ్లెయిర్ డబ్ల్యూసీడబ్ల్యూ ఛాంపియన్‌గానే కొనసాగాడని చెప్పారు. ఒకే పోటీకి రెండు ఫలితాలు. మే నెలలో ఫ్లోరిడాలో మళ్లీ తలపడి ఫ్లెయిర్ గెలిచాక, దానిని టైటిల్ తిరిగి గెలవడంగా లెక్కించాలా, నిలబెట్టుకోవడంగా లెక్కించాలా అన్నది మీరు ఏ జాబితా తెరిచారన్న దానిమీద ఆధారపడుతుంది.

ఫ్లెయిర్ 16 సార్లు ప్రపంచ ఛాంపియన్ అన్న ప్రసిద్ధ లెక్కనే చూడండి. అందులో ఎన్‌డబ్ల్యూఏ, డబ్ల్యూసీడబ్ల్యూ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మూడు వరుసలూ కలిసి ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో కోడీ రోడ్స్‌ను ఓడించి సీనా 17కు చేరి ఆ రికార్డును దాటాడని సంస్థే చాటింది. ఆ 17లో 14 డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్‌వి, 3 ఖలీ గెలిచిన వరుసవి. వరుసలు వేర్వేరని ఒక పేజీలో రాసి, మరో పేజీలో వాటన్నిటినీ కూడి రికార్డు అంటే ఎలా? ముందే రాసిపెట్టిన కథలో ఈ లెక్కలెందుకని అడిగేవారు ఉంటారు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయించారంటే, ఆ ఏడాది సంస్థ తన భారాన్ని ఎవరి భుజాన పెట్టిందో ఈ జాబితా చెబుతుందన్నమాట. జాబితా చదవడంలో నాకున్న ఆసక్తి అదే.

అయితే ఖలీ ఫ్లెయిర్ వారసుడన్న వాదానికి మాత్రం ఇది కూడా సాయం రాదు. 2002 తరువాతి వరుసలో ఫ్లెయిర్ పేరు ఒక్కసారి కూడా లేదు. ట్రిపుల్ హెచ్ పక్కన, ఆ బెల్టుకు చేతికందే దూరంలో ఏళ్ల తరబడి నిలబడ్డాడు. 2003లో దానికోసం అతడితోనే తలపడి ఓడిపోయాడు.

ఇక దారా సింగ్ విషయం. 1968 మే 29న బొంబాయిలో ఆయన లూ థెజ్‌ను ఓడించిన మాట నిజం. థెజ్ సామాన్యుడు కాదు, 1949 నుంచి పలుమార్లు ఎన్‌డబ్ల్యూఏ ఛాంపియన్. కానీ 1966 జనవరిలోనే ఆ టైటిల్‌ను జీన్ కినిస్కీకి కోల్పోయాడు. 1969 ఫిబ్రవరి దాకా అది కినిస్కీ దగ్గరే ఉంది. కాబట్టి దారా సింగ్ ఓడించింది మాజీ ఛాంపియన్‌ను. మన దేశంలో దానిని ప్రపంచ టైటిల్‌గానే చెప్పుకున్నారు కనుక మీ నాన్నగారు తప్పు చెప్పలేదు, కాని ఈ చర్చలోని వరుసలలో ఆయన పేరు కనిపించదు.

గచ్చిబౌలి_గ్యాలరీ

చాలా స్పష్టంగా చెప్పారు. పదేళ్ల కిందట మూసేసిన పేరును 2023లో మళ్లీ ఎందుకు తెరిచారో కూడా ఎవరైనా చెబితే మా తమ్ముడికి పూర్తి జవాబు దొరుకుతుంది.

జవాబు: పాత_రింగు

కారణం 2002 నాటిదే. 2022 ఏప్రిల్ నుంచి రోమన్ రీన్స్ దగ్గరే డబ్ల్యూడబ్ల్యూఈ, యూనివర్సల్ అనే రెండు పెద్ద టైటిళ్లూ ఉండేవి, అతడేమో నెలకొకసారి కనిపించడం కూడా గగనమైంది. వారం వారం నడిచే రాకు మళ్లీ ఛాంపియన్ కరువయ్యాడు. 2023 ఏప్రిల్ 24న ట్రిపుల్ హెచ్ కొత్త బెల్టు ఆవిష్కరించాడు. ఇరవై ఏళ్ల కిందట బ్రీఫ్‌కేసులోంచి బెల్టు అందుకున్నవాడే ఈసారి ఇచ్చేవాడయ్యాడు. తేడా ఏమిటంటే, ఈసారి చేతిలో పెట్టేయకుండా టోర్నమెంట్ నడిపారు. మే 27న జెద్దాలో ఏజే స్టైల్స్‌ను ఓడించి రాలిన్స్ తొలి ఛాంపియన్ అయ్యాడు. పాత పేరే పెట్టినా, 2002–2013 చరిత్రతో దీనికి సంబంధం లేదని సంస్థ లెక్క.

గచ్చిబౌలికి వచ్చేనాటికి ఆ టైటిల్ వయసు నాలుగు నెలలైనా నిండలేదు. రాలిన్స్ దానిని 2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో డ్రూ మెకింటైర్‌కు కోల్పోయాడు. మెకింటైర్ సంబరం కొద్ది నిమిషాలే నిలిచింది. డేమియన్ ప్రీస్ట్ తన మనీ ఇన్ ద బ్యాంక్ అవకాశాన్ని, అంటే కోరుకున్న క్షణంలో ఛాంపియన్‌ను సవాలు చేసే హక్కును, అక్కడే వాడుకుని, అదే రింగులో బెల్టు లాక్కున్నాడు.