పోద్దాడు, పుప్పొడి, పరాగ సంపర్కం

అందరికీ నమస్తే. మా చిన్నది నిన్న సైన్స్ చదువుకుంట "నాయినా, పరాగ సంపర్కంల సంపర్కం, సంపర్క్ క్రాంతి రైలుల సంపర్కం ఒకటేనా" అని అడిగింది. నవ్వొచ్చింది గని ఆలోచిస్తే ఒకటే, తగులుడు, కలుసుడు. పరాగం అంటే దుమ్ము, పొడి. కేసరం, అంటే పువ్వుల మగ భాగం, దాని కొసకున్న తిత్తి పగిలి పొడి బయటికొచ్చి, గాలికో తేనెటీగ కాళ్లకో అంటుకుని పోయి కీలాగ్రం మీద, అంటే పువ్వు నడుమ ఆడ భాగం కొస మీద పడుతది, పరాగ సంపర్కం అంటే గంతవరకే. అటెన్క ఆ పొడి రేణువుకు సన్నని గొట్టం మొలిచి అండం దాకా దిగితే అది ఫలదీకరణ, వేరే ముచ్చట, మస్తుమంది రెండూ కలిపేస్తరు. నా డౌట్ ఏందంటే దీనికి మన దిక్కు వాడుక మాట ఏమన్న ఉన్నదా, లేకుంటే బడిల నేర్చిన సంస్కృతమేనా? మాది మిర్యాలగూడ పక్కన.

జవాబు, గద్వాల నుంచి:
అన్నా, మా దగ్గర సీడుపత్తి గదా, హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి, బడి మొఖం చూడని కూలీ అక్కలు గూడ "క్రాసింగ్" అనే అంటరు. మాపటికి రేపు విచ్చుకునే మొగ్గలు ఏరుకుని రెక్కలు, పొడి తిత్తులు గోరుతోటి ఒలిచేస్తరు, నడుమ కీలం మాత్రం విరగొద్దు, విరిగితే కాయ పోయినట్టే. తెల్లారి మగచేను, అంటే పొడి కోసమే వేసిన చేను, పువ్వు తెంపుకొచ్చి ఒక్కోదాంతోటి ఒలిచిన నాలుగైదు పూలకు రాస్తరు. పత్తి పువ్వుల ఆడ మగ రెండూ ఉంటయి, మనమే దాన్ని ఉత్త ఆడదాన్ని చేస్తున్నం. సూరత్ల హెచ్-4 హైబ్రిడ్ పత్తి వచ్చింది 1970ల, ఆ పనే మనకు కొత్త, అందుకే మాట గూడ ఇంగ్లీషుదే వచ్చింది.

జవాబు, నల్లగొండ నుంచి:
తమ్మీ, మాట ఉన్నది. పోద్దాడు! మాది గీత పనిచేసే ఇల్లు. పోతు, తాడు (తాటిచెట్టు) కలిసి పోద్దాడు, దున్నపోతు మేకపోతు లెక్కనే. దానికి పొడుగు గొలలే గని ముంజకాయ పట్టదు, కాసేది పండుదాడు. ఆడచెట్టు వేరు మగచెట్టు వేరని మా తాతలకు ఎర్కే. జర్మనీల కమెరారియస్ అనేటాయన చెట్లకు ఆడ మగ ఉంటయని 1694ల రాసిండంట, మనోళ్లు చానా ముందే పేరు పెట్టిండ్రు.

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
అన్నా జర ఆగు, ఏమనుకోకు. పోతు అన్నరంటే కాయ కాయదని చూసి అన్నరు. ఆ పొడి రాకుంటే పండుదాటికి ముంజ పట్టదని తెలిసే అన్నరా, పేరు ఒక్కటి చూసి ఎట్ల చెప్తం? కమెరారియస్ తేల్చింది ఈ రెండోదే. ఆముదం చెట్టుకు మగపూలు గిల్లేసి చూసిండు, గింజ పట్టలేదు. మన పాలమూరు, నల్లగొండ ఆముదాల నేలనే గదా, కంకి చూస్తే తెలుస్తది, కింద మగపూలు, పైన ఆడపూలు. ఇగ మాట సంగతంటరా, పుప్పొడి కన్న మంచిది ఏమున్నది, పూ, పొడి, అంతే. పోలెన్ గూడ లాటిన్ల మెత్తని పిండేనంట, ఎవరికైన కంటికి కనవడ్డది పొడే.

మళ్లీ నేనే:
అక్కా, ఆముదం ముచ్చట బాగ చెప్పినవ్, రేపు చేనుకు పోయి బిడ్డకు చూపిస్త. "పుప్పొడి తగులుడు" అని రాస్తనంటున్నది, మార్కులు పోతయే అంటే ఇంటలేదు. ఇంకోటి అడుగుత, మక్కకంకికి ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి, పొడి అందని పోగు కాడ గింజ పట్టక సందు మిగులుతది. అట్ల పండ్లూడినట్టుండే కంకిని మీ దిక్కు ఏమంటరు?