‘ఇంధన సామర్థ్య నిపుణులు కావలెను’ అని చూస్తే ఎవరైనా ఫోన్ చేస్తారా?

బెంగళూరు పీణ్యలో మాదొక చిన్న సంస్థ. ఫ్యాక్టరీలకు వెళ్లి మోటార్లు, కంప్రెసర్లు, ఏసీలు ఎంత కరెంటు లాగుతున్నాయో కొలిచి, ఎక్కడ దండగ పోతోందో చూసి, మార్చాల్సినవి మార్చి రావడం మా పని. ఐటీఐ ఎలక్ట్రీషియన్లు, డిప్లొమా చేసినవాళ్లు కావాలి. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు పిల్లలు ఎలాగూ బెంగళూరుకే వస్తారు కదా, తెలుగులో ఒక ప్రకటన వేద్దామన్నారు మా సార్. ఇంగ్లీషు ప్రకటనలో ‘ఎనర్జీ ఎఫిషియెన్సీ’ అని ఉన్నదాన్ని ఫోన్లో తెలుగులోకి మారిస్తే పైన రాసిన ముక్క వచ్చింది. తప్పని అనలేను, ప్రభుత్వ కాగితాల్లోనూ ఇదే మాట.

కానీ ఇంధనం అంటే జనానికి పెట్రోలు, డీజిలు, గ్యాసు. ‘ఇంధన శాఖ’ అంటే కరెంటు చూసుకునే శాఖ అని పేపరు చదివేవాళ్లకు తెలుసు, పని వెతుక్కునే పిల్లాడు మాత్రం పెట్రోలు బంకు ఉద్యోగం అనుకుంటాడు. అంతకన్నా పెద్ద చిక్కు ‘సామర్థ్యం’తో. జలాశయం సామర్థ్యం ఇన్ని టీఎంసీలు, మోటారు సామర్థ్యం 10 హెచ్‌పీ అంటాం, అంటే ఎంత పట్టగలదు, ఎంత లాగగలదు అని. మాకు కావాల్సింది తీసుకున్న కరెంటులో ఎంత భాగం పనిగా మారిందనేది. ఒకే మోటారు దగ్గర ఈ రెండు లెక్కలూ రాసుకుంటాం మేము, రెండింటికీ ఒకటే మాట అంటే ఎట్లా? ఏం రాయమంటారు?

జవాబు: దక్షత అని రాయండి. ఉష్ణయంత్రం దక్షత అని ఫిజిక్స్‌లో చదువుకున్నదే కదా. కన్నడం వాళ్లదీ ‘దక్షతె’నే. 2002లో కేంద్రం పెట్టిన సంస్థకు, అదే మన ఫ్రిజ్‌ల మీద చుక్కల స్టిక్కర్ వేయించే సంస్థకు, హిందీలో పేరే ‘ఊర్జా దక్షతా బ్యూరో’.

పోస్టు పెట్టినవారు: పాఠానికి బాగుందండి, నా రిపోర్టుల్లో ఇకమీద అదే వాడతాను. ప్రకటనలో మాత్రం ‘దక్షత’ అని కనపడితే పనిమంతులు కావాలంటున్నారనే అనుకుంటారు, ఏ పని అన్నది తెలియదు.

జవాబు: శక్తి పొదుపు?

పోస్టు పెట్టినవారు: బెంగళూరులో ‘శక్తి’ అంటే 2023 నుంచి ఆడవాళ్ల ఉచిత బస్సు. పొదుపు అంటే మావైపు డ్వాక్రా సంఘం. రెండూ కలిపితే ఎవరొస్తారో మీరే ఊహించుకోండి 😀

జవాబు: ఇంత తర్జనభర్జన ఎందుకన్నా, ‘కరెంటు ఆదా’ అంటే పోలా?

జవాబు: పోదు. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే డబ్బాలు చూశారుగా, వాళ్ల మాట కూడా ఇదే. కరెంటు ఆదా ఉద్యోగం అంటే ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలు అమ్మమంటారని భయపడతారు. పైగా ఫ్యాను కట్టేసినా ఆదానే. 75 వాట్ల పాత ఫ్యాను తీసేసి, అంతే గాలి 30 వాట్లతో ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే అది ఈయన చెప్పే పని. అక్కడ ఎవరూ చెమట పట్టించుకుని కూర్చోవాల్సిన పని లేదు.

జవాబు: ఇంకోటి. ‘ఎనర్జీ ఆడిటర్లు కావలెను’ అని మాత్రం వేయకండి సార్. అది బ్యూరో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ల హోదా. మీకు కావాల్సింది మీటరు పట్టుకుని వాళ్ల వెంట వెళ్లేవాళ్లు. అలాగని ‘కరెంటు తనిఖీ’ అన్నారనుకోండి, ఊళ్లో దానికి అర్థం కొక్కేలు తగిలించినవాళ్లను పట్టుకునే స్క్వాడ్.

పోస్టు పెట్టినవారు: ఇది నిజం, మంచి మాట చెప్పారు. అందరివీ చదివాక నాకు తోచింది ఏమిటంటే, ఈ పనికి జనం నోట్లో ఇంకా పేరు పడలేదు, కాబట్టి పేరు పెట్టడం మానేసి చేసే పనే రాసేస్తే సరి. ఇట్లా రాశాను, చూడండి:

‘ఐటీఐ ఎలక్ట్రీషియన్లు, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవారు కావలెను. ఫ్యాక్టరీల్లో మోటార్లు, పంపులు, కంప్రెసర్లు లాగే కరెంటును మీటర్లతో కొలవాలి. అదే పని తక్కువ కరెంటుతో జరిగేలా డ్రైవ్‌లు, కెపాసిటర్లు, లైట్లు బిగించాలి. క్లాంప్ మీటరు వాడటం వస్తే చాలు, మిగతాది మేమే నేర్పుతాం. పని చోటు: బెంగళూరు, పీణ్య.’

‘కావలెను’ ఉంచాను. మాట్లాడేటప్పుడు ఎవరూ అనరు, కానీ గోడ మీద ఆ మాట కనపడగానే ఉద్యోగ ప్రకటన అని దూరం నుంచే తెలిసిపోతుంది.

జవాబు: బాగుంది. ‘డ్రైవ్‌లు’ దగ్గర మాత్రం వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) అని రాయండి, లేకపోతే డ్రైవర్ ఉద్యోగమా అని ఫోన్లు వస్తాయి. అదేం చేస్తుందో కొత్తగా చేరినవాడికి చెప్పడం తేలికే: పంపు వేగం 20 శాతం తగ్గిస్తే అది లాగే కరెంటు దాదాపు సగానికి పడుతుంది. ఇంటర్వ్యూలో ఇది చెప్పి చూడండి, కళ్లు పెద్దవి చేసినవాణ్ని తీసుకోండి.

జవాబు: భాష సంగతి సరే అన్నా, జీతం ఎంతో అంకె వేయలేదు, రూము ఇస్తారో లేదో రాయలేదు. మదనపల్లె నుంచి వచ్చేవాడు మొదట అడిగేది ఆ రెండే. ‘ఆకర్షణీయమైన జీతం’ అని మాత్రం రాయకండి, తక్కువిస్తారని అందరికీ తెలిసిపోతుంది.

పోస్టు పెట్టినవారు: రూము ఉంది, రాస్తాను. అంకె సార్‌ను అడగాలి.