అప్పీలుకి మళ్ళీ కోర్టు ఫీజా? తల తిరిగిపోతోంది

సాగరతీరం: పొద్దున్నుంచి ఎండలో తిరిగి ఇప్పుడే ఇంటికొచ్చాను. జగదాంబ దగ్గర జెరాక్సులకే సగం రోజు పోయింది. ప్రాంసరీ నోటు దావాలో మా మీద డిక్రీ అయింది, అంటే డబ్బు కట్టమని కోర్టు ఆదేశం, 4 లక్షలు, పైన వడ్డీ. అప్పీలు కాగితాలు పట్టుకెళ్తే ఫీజు చాలదని వెనక్కిచ్చేశారు. దావాకి అవతలివాడు కట్టాడు కదా, మళ్ళీ నేనెందుకు కట్టాలి? గడువు 30 రోజులా, 90 రోజులా? ఎవరైనా సూటిగా చెప్పండి.

ఉప్పుగాలి: ఏ కోర్టు? డిక్రీ తేదీ? తీర్పు నకలుకి దరఖాస్తు ఎప్పుడు పెట్టారు?

పాత గుమాస్తా: బాబూ, ఆయన కట్టింది ఆయన దావాకి. అప్పీలు మీది, ఫీజూ మీదే. మన ఆంధ్రప్రదేశ్ 1956 కోర్టు ఫీజుల చట్టంలో 49వ సెక్షన్ చూడండి. దావా లెక్కే అప్పీలుకీ. కాకపోతే అప్పీలులో మీరు కాదంటున్న మొత్తం మీదే కట్టాలి. లక్ష ఒప్పుకుంటే మిగతాదాని మీద చాలు, ఇది చాలామంది చూసుకోరు. తక్కువ పడితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 149వ సెక్షన్ కింద టైము అడగొచ్చు.
జిల్లా కోర్టుకి 30 రోజులు, హైకోర్టుకి 90. నకలుకి పట్టిన రోజులు ఆ గడువు లెక్కలోంచి తీసేస్తారు. నకలు మీద తేదీలుంటాయి: దరఖాస్తు పెట్టింది, ఛార్జీలు అడిగింది, కట్టింది, నకలు సిద్ధమైంది. ఛార్జీలు అడిగాక మీరు నాలుగు రోజులు ఊరుకుంటే ఆ నాలుగూ మీ ఖాతాలోకే.

శాంతికాముకుడు: అసలు కోర్టులెందుకండీ? లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన ఫీజు కూడా వాపసు వస్తుంది. మనవాళ్ళకి పంతాలు ఎక్కువ.

ఉప్పుగాలి: ఆయన అడిగింది అప్పీలు గురించి. అదాలత్ అవార్డు మీద అప్పీలే ఉండదు.

తెల్లకోటు: అందరూ ‘డిక్రీ’ అంటున్నారు. తీర్పు వేరు, డిక్రీ వేరు: తీర్పులో జడ్జి కారణాలుంటాయి, డిక్రీలో చివరికి తేల్చింది ఉంటుంది. 2002 నుంచి అప్పీలుకి తీర్పు నకలు జతచేస్తే చాలు.

పాత గుమాస్తా: పుస్తకంలో చాలు. కౌంటర్‌లో రెండూ అడిగితే? రెండిటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టుకుంటే పోయేదేముంది!

తెల్లకోటు: చట్టం చెప్పింది చెప్పాను.

సాగరతీరం: మీరు మీరు తర్వాత కొట్టుకోండి. మేం కోర్టుకే వెళ్ళలేదు. సమన్లు మద్దిలపాలెంలో ఖాళీ చేసిన అద్దింటికి వెళ్ళాయట. పది రోజుల క్రితం తెలిసింది.

ఉప్పుగాలి: ఎక్స్‌పార్టీ, అంటే మీరు లేకుండానే ఇచ్చిన డిక్రీ. ఇది ముందే చెప్పాలి.

పాత గుమాస్తా: హమ్మ! అప్పీలు ఆపండి. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే సీపీసీ 9వ ఆర్డరు 13వ రూలు కింద రద్దు పిటిషన్ వేయండి. ఫీజు నామమాత్రమే. 30 రోజుల గడువు. సమన్లు సరిగా అందలేదని చూపిస్తే తెలిసిన రోజు నుంచి లెక్క. కొంత డబ్బు కట్టమని షరతు పెట్టొచ్చు, సిద్ధంగా ఉండండి. అప్పీలు వేసి అది కొట్టేశాక ఈ దారి మూసుకుపోతుంది. అవతలివాళ్ళు డిక్రీ అమలుకి పెడితే, దాన్ని ఆపమని స్టే కూడా అడగాలి.

సాగరతీరం: సరే అండి, థాంక్స్. లాయర్ గారు ఫోన్ ఎత్తట్లేదు, రేపు మళ్ళీ వెళ్తా.

శాంతికాముకుడు: రాజీ సంగతి ఆలోచించారా?