అప్‌డేట్: కగ్గలీపుర మీదుగా బన్నేరుఘట్ట సైకిల్ రైడ్

బెంగళూరు కనకపుర రోడ్డు నుంచి కగ్గలీపుర మీదుగా బన్నేరుఘట్ట వైపు, కొంత తారు, కొంత మట్టి దారిలో ఒక్క రోజులో తిరిగి రావచ్చా, టైర్లు ఏవి వేయాలి అని అడిగాను కదా. వెళ్ళొచ్చాం.

మీరు చెప్పినట్టే 40 మి.మీ. వెడల్పు టైర్లు వేశాను. తారు మీద టైర్లలో గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ ఉంచి, మట్టి మొదలైన చోట ఆగి 35కి దించాను. తేడా ముందు అరచేతులకే తెలిసింది. గులకరాళ్ళ మీద హ్యాండిల్ అదరడం తగ్గింది, వదులు ఇసకలో వెనక చక్రం జారడం కూడా. తారెక్కాక మళ్ళీ గాలి కొట్టాలి కాబట్టి చేతి పంపు ఉండాల్సిందే. మా ఫ్రెండ్ 28 మి.మీ. సన్న టైర్లతో వచ్చాడు. పాపం, ఇసక ఉన్నచోటల్లా సైకిల్ తోసుకుంటూనే నడిచాడు.

ఏనుగుల గురించి హెచ్చరించినవారికి థాంక్సండీ. బన్నేరుఘట్ట అడవి వాటి ఇల్లే, ఊళ్ళ అంచుల్లోకీ వస్తుంటాయి. అందుకే బాగా తెల్లవారాకే అడవి పక్క రోడ్డు ఎక్కాం, చీకటి పడకముందే బయటపడ్డాం. అనుమతి లేకుండా నేషనల్ పార్క్ లోపలికి వెళ్ళకూడదు. ఆ కంచె దాటాలన్న సరదా ఎవరికైనా ఉంటే మానుకోండి. రాగి చేల మధ్య ఊరి బాటలే బోలెడు.

తిండి టెన్షన్ అనవసరం, దారిలో తట్టె ఇడ్లీ దొరికింది. నీళ్ళు మాత్రం రెండు సీసాలు చాలవు.