ఈషాపూర్‌లో బాగుచేసిన త్రీ నాట్ త్రీని ఏ ఊరిదనాలి?

టెక్సాస్_శ్రీను: అన్నలూ, హ్యూస్టన్‌లో ఒక గన్ షోలో పాత లీ-ఎన్‌ఫీల్డ్, అదే బ్రిటిష్ సైన్యం త్రీ నాట్ త్రీ రైఫిల్, చూశాను. బట్ సాకెట్ మీద, అంటే వెనక చెక్క దిగే ఇనుప పట్టీ మీద, కిరీటం, జీఆర్, ఎన్‌ఫీల్డ్, 1917 అని ఉంది. ఇంకోచోట ఎఫ్‌ఆర్ 51 ముద్ర. చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ, ఇనుమంతా మందంగా నల్లరంగు. బోల్ట్ (తూటా వెనక మూసే గడియ) నంబరు, రిసీవర్ (ఆ గడియ కదిలే ఇనుప భాగం) నంబరు కలవలేదు. అమ్మేవాడేమో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఒరిజినల్ అంటున్నాడు. కొనొచ్చా?

పాత_ఇనుము: ఆ స్క్రూ ఉందంటే మన బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీదే. బ్రిటిష్ రేటు పెట్టకు.

టిటాగఢ్_తెలుగు: పాత ఇనుము గారూ, స్క్రూని బట్టి బాగుచేసిన చోటు తెలుస్తుంది, పుట్టిన చోటు కాదు. చెక్క చీలకుండా ఈషాపూర్ ఫ్యాక్టరీలో ఆ స్క్రూ వేసేవారు. ఇంగ్లండ్‌లో తయారై మరమ్మతుకొచ్చిన రైఫిళ్లకూ వేశారు. పుట్టుక చూడాల్సింది సాకెట్ మీద. అక్కడ ఎన్‌ఫీల్డ్ అని ఉంటే ఇంగ్లండ్ ఫ్యాక్టరీది. ఈషాపూర్‌లోనే పుట్టి ఉంటే అక్కడ ఆ పేరే ఉండేది. ఎఫ్‌ఆర్ అంటే ఫ్యాక్టరీలో బాగుచేసినట్టు, 51 ఆ సంవత్సరం.

లక్ష్మి_ఒహైయో: డీపీ అని ముద్ర ఉందేమో చూడు తమ్ముడూ. ఉంటే అది కవాతుకి మాత్రమే, పేల్చకూడదు.

పాత_ఇనుము: స్క్రూ ఉంటే ఈషాపూర్, నా లెక్క అదే. నాకు ఒకడు ఇలాగే 1916 ఒరిజినల్ అని పూర్తి రేటుకి అంటగట్టాడు. ఇంటికొచ్చి చెక్క విప్పితే, చెక్క అంచు వరకే నున్నటి రంగు. లోపల బారెల్ పొడవునా తుప్పు తిన్న గుంటలు, వాటి మీదే రంగు పూసేశారు. అయినా ఇండియన్ స్టీల్‌ని నమ్మి చెంప ఆనించేదెవరు?

టిటాగఢ్_తెలుగు: మీ తుపాకీకి గుంటలుంటే మీకు అమ్మినవాడిని అనండి, ఫ్యాక్టరీని కాదు. 1962 యుద్ధం తర్వాత అదే ఫ్యాక్టరీ అదే డిజైన్‌ని మెరుగైన స్టీల్‌తో 7.62 మిల్లీమీటర్ల తూటాకి మార్చింది. 2ఏ, 2ఏ1 అనే రైఫిళ్లు అవే. శ్రీనూ, వాటి తూటాలు వేరు, 303వి వాటిలో పెట్టకు. నువ్వు చూసినదానికి ముందు హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ తూటా అంచు ఆనేచోటికీ మధ్య జాగా, కొలిపించు. బోల్ట్ వేరేది కాబట్టి అది తప్పదు. 0.074 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకుంటే ఆ జాగా ఎక్కువైనట్టే, వదిలెయ్.

గుంటూరు_గురి: పాకిస్తాన్‌లోని దర్రా ఊళ్లో చేతితో చేసిన నకళ్లు కూడా తిరుగుతున్నాయి బాసూ. ముద్రలో ఇంగ్లిష్ ఎన్ అక్షరం తిరగబడి ఉందేమో చూస్కో.

పాత_ఇనుము: కొలతలు సరే. ఎవరో రంగేసి, చెక్క మార్చి, బోల్ట్ మార్చినదాన్ని 1917 అంటే ఎలా ఒప్పుకుంటాం? మీకు ఈషాపూర్ మీద అంత ప్రేమెందుకో!

టిటాగఢ్_తెలుగు: ఎందుకంటే మా నాన్న అక్కడ గేజీలు పట్టేవారు. శ్రీకాకుళం నుంచి జూట్ మిల్లుకని వెళ్లి, తర్వాత ఆ ఫ్యాక్టరీలో చేరారు. ఆయన కొలతలో తప్పిన బారెల్ మళ్లీ కరిగించడానికి వెళ్లిపోయేది. ఇక్కడ ప్రతివాడూ ఆ పనిని ‘పాడుచేశారు’ అంటుంటే మండిపోతుంది. విరిగినదాన్ని మళ్లీ సైనికుడి చేతికిచ్చారు. అది పాడుచేయడమా?

పాత_ఇనుము: మీ నాన్నగారిని అనలేదు నేను. ఆయన పని తప్పని కూడా అనను. నాకు కావాల్సింది 1917లో కందకంలో ఉన్నవాడు పట్టుకున్న తుపాకీ, అదే చెక్క, అదే బోల్ట్. బాగుచేస్తే పేలుతుంది, ఒప్పుకుంటా. కానీ నేను వెతికేది అందులో ఉండదు. అందుకే ఆ రేటు ఇవ్వను.

టిటాగఢ్_తెలుగు: ఇదేదో మొదటే అనుంటే నేను స్క్రూ గురించి ఇంత రాసేవాణ్ని కాదు. మీరు కొనేది ఒక సంవత్సరాన్ని. నాకు మాత్రం 1951 కూడా ఆ తుపాకీ వయసులో భాగమే. చీటీ మీద ‘ఎన్‌ఫీల్డ్ 1917, ఈషాపూర్ మరమ్మతు 1951’ అని రెండూ రాసి అమ్మితే ఎవరూ మోసపోరు.

పాత_ఇనుము: అలా రాస్తే నాకు అభ్యంతరం లేదు. కొనను, అంతే.

టెక్సాస్_శ్రీను: చెక్క విప్పి చూపించమన్నాను, కుదరదన్నాడు. గేజ్ తెచ్చుకుంటానంటే మాట దాటేశాడు. వదిలేశాను.