చిన్న ఊళ్ల మ్యూజియాలు అక్కడే ఉండాలా, అన్నీ వరంగల్‌కు తెచ్చి ఒక్కచోట పెట్టాలా?

హన్మకొండ టీచర్:
పోయిన నెల రెండో శనివారం మా బడి పిల్లలు ముప్పై మందిని ఒక చిన్న మ్యూజియానికి తీసుకుపోయాను. ఊరు పేరు చెప్పను. గేటుకు తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్లికి పోయిండట. రెండు గంటలు చెట్టు కింద కూర్చున్నాం. తెరిచాక చూస్తే శిల్పాల కింద రాసిన అక్షరాలు వెలిసిపోయాయి, అది ఏ కాలం విగ్రహమో చెప్పే మనిషి లేడు. ఇట్లా పది చోట్ల పది గదులు పెట్టేకన్నా, అన్నీ వరంగల్‌కు తెచ్చి ఒక్క మంచి మ్యూజియం కట్టాలని నా వాదన. మీరేమంటారు?

జనగామ రూటు:
సార్, మీ బాధ నిజమే. కానీ మందు మాత్రం తప్పు. కొలనుపాకకు పోండి. సోమేశ్వరాలయం ఆవరణలోనే ఆ చుట్టుపక్కల దొరికిన శిల్పాలు, శాసనాలు పెట్టారు. విగ్రహాన్ని చూసి తలెత్తితే గుడి స్తంభం కనిపిస్తుంది, రెండింటి చెక్కుడూ పక్కపక్కనే పోల్చుకోవచ్చు. అదే రాయిని ఏసీ గదిలో పెడితే పిల్లవాడికి అది రాయిగానే మిగులుతుంది.

ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్ సంగతి చూడండి. 1940లో కొమురం భీం నేలకొరిగింది ఆ గుట్టల్లోనే. 2016లో ఆయన పేరిట మ్యూజియం తెరిచిందీ అక్కడే. అంత దూరం ఎందుకు అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. పోయి వచ్చాక అనలేదు. ఆ ఎక్కుడు, ఆ అడవి చూస్తేనే జల్, జంగల్, జమీన్ అన్న మాట పిల్లలకు అర్థమవుతుంది. మన వరంగల్ కోటలో కూడా అంతే కదా. నాలుగు తోరణాల నడుమ పడి ఉన్న రాళ్లు అక్కడే ఉన్నాయి కాబట్టే స్వయంభూ శివాలయం ఎంత పెద్దదో ఊహకు అందుతుంది.

చేర్యాల కోడలు:
అన్నా, శిల్పాల వరకు మీ మాట ఒప్పుకుంటాను. మా చేర్యాల పటం, అంటే కథను వరుస బొమ్మలుగా గీసిన పొడవాటి బట్ట చుట్ట, దాని సంగతి వేరు. నేను ఇక్కడ పుట్టలేదు, పెళ్లయి వచ్చాక పన్నెండేళ్లుగా చూస్తున్నాను. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూస్తారు. అది ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు. అయితే ఆ పటం గోడకు వేలాడదీయడానికి పుట్టలేదు. కథ చెప్పే కూనపులి వాళ్లు పద్మశాలీల ఇళ్ల ముందు మార్కండేయ పురాణం చెప్తూ కొంచెం కొంచెంగా విప్పేది. చాకలి వాళ్లకు మడేలు పురాణం పటం వేరే. కథ చెప్పే గొంతు లేకుండా అద్దం వెనక పెడితే, అది వరంగల్‌లో ఉన్నా చేర్యాలలో ఉన్నా ఒకటే.

ఇంకో మాట. పాతబడిన పటాన్ని పూజ చేసి నదిలో కలిపేవారు. దాచుకోవడం ఆ సంప్రదాయంలో లేదు. ఇప్పుడు కథకులు తగ్గిపోయారు కాబట్టి పాతవాటిని కాపాడాల్సిందే, కాదనను. కానీ కట్టాల్సింది బొమ్మల గది కాదు, కథ చెప్పే అరుగు.

ఈ పటాలు గీసే నకాషీ వాళ్ల ఇళ్లకు వచ్చేవాళ్లకూ ఒక విన్నపం. అది వాళ్లు పనిచేసుకునే ఇల్లు. ముందు అడిగి రండి. ఫొటోలు తీసుకుని పోకుండా రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసిన చిన్న మాస్కు ఒకటైనా కొనండి.

హన్మకొండ టీచర్:
అమ్మా, అరుగు మాట నా మనసుకు తగిలింది. శిల్పాలు ఉన్నచోటే ఉండాలన్నదీ ఒప్పుకుంటున్నాను. తాళం సంగతికి మాత్రం ఇద్దరూ జవాబివ్వలేదు. ఉన్నచోటే ఉంచాలంటే తెరిచే మనిషికి జీతం ఇవ్వాలి, ఆయన లేనిరోజు ఇంకొకరు ఉండాలి, గేటు మీద ఫోన్ నంబర్ రాయాలి. ఇవి లేకుండా "ఊళ్లోనే ఉండాలి" అంటే పిల్లలు మళ్లీ చెట్టు కిందే కూర్చుంటారు.

జనగామ రూటు:
ఆ మూడూ న్యాయమే. మన పేర్లతో కలెక్టర్‌కు దరఖాస్తు పెడదాం, నేను రాస్తాను. ఈలోగా పిల్లలను పెంబర్తికి తీసుకురండి సార్. హైవే పక్కనే, ఇత్తడి రేకు మీద సుత్తి పడే చప్పుడు వాళ్లే వింటారు. అదే రోజు కొలనుపాక కూడా అయిపోతుంది.

హన్మకొండ టీచర్:
వస్తాం. తర్వాతి నెల చేర్యాల. అమ్మా, పిల్లల ముందు పటం విప్పి ఒక గంట కథ చెప్పేవాళ్లు దొరుకుతారా? వాళ్లకు ఇవ్వాల్సింది ఇస్తాం.

చేర్యాల కోడలు:
మా మామయ్యకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. అడిగి ఆదివారం కల్లా ఇక్కడే రాస్తాను.