ఖుక్రీలో పోయిన మా ఊరి నావికుడికి ఫలకం: ఏం చెక్కించాలి?

తీరపు పిల్లోడు: 1971లో ఐఎన్‌ఎస్ ఖుక్రీ యుద్ధనౌకతో పాటు మునిగిపోయిన మా ఊరి నావికుడికి బీచ్ దగ్గర రాయి పెడదామనుకుంటున్నాం. తేదీ, రాయి, అక్షరాలు ఎలా ఉండాలి?

లంగరు: తేదీ డిసెంబరు 9. చాలామంది నేవీ డే చూసి 4 అని చెక్కిస్తారు, తప్పు. ఆ రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాక్ జలాంతర్గామి హాంగోర్ టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడ కెప్టెన్ ముల్లా కూడా దానితోనే మునిగారు. విశాఖ దగ్గర మునిగిన ఘాజీ జలాంతర్గామితో కలపకండి, అది పాకిస్తాన్‌ది. పేరు, హోదా ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో ఎలా ఉన్నాయో చూసి అలాగే రాయించండి. ఇంకోటి, శవం దొరకలేదు కాబట్టి 'సమాధి' అనొద్దు, 'స్మారక ఫలకం' చాలు.

ఉలి: చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అందంగానే ఉంటుంది గానీ, ఆ మెరుపు చుక్కల్లో సన్నక్షరాలు కనపడవు. సాదా నల్ల గ్రానైట్ తీసుకోండి. అక్షరం అంగుళం ఎత్తు, 3 మిల్లీమీటర్ల లోతు. రంగు ఉప్పుగాలికి పోయినా లోతుంటే చదవొచ్చు. ఒత్తులే అసలు తంటా: 'క్ర', 'ష్ట్ర' లాంటివి చిన్నవైపోయి పూడిపోతాయి. ముందు కాగితం మీద నిజం సైజులో ప్రింట్ తీసి చూడండి.

లంగరు: బిగింపుకి ఇనుప క్లాంపులు వద్దు. తుప్పు ఉబ్బి మూలలు పగులుతాయి. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ పిన్నులు, ఎపాక్సీ జిగురు వాడండి.

తీరపు పిల్లోడు: సరే అన్నా, ప్రింట్ తీసి ఇక్కడే పెడతా, ఒత్తులు చూసి చెప్పండి.